కర్షకుల కూటమి, జ్ఞాన స్వరాజ్యము

(సేంద్రియ వ్యవసాయదారుల సమావేశము ముగిసిన మఱునాటి సాయంకాలము పట్టణ పఠనమందిరమున మేము చేసిన ఉపన్యాసము)



మొన్నయు నిన్నయు ఈ పఠనమందిరమున పత్రికలకు బదులు విత్తనములు పఱచియుండినవి. మీరిప్పుడు మోచేతులానించియున్న ఈ బల్లలమీదనే కొఱ్ఱలు, అండుకొఱ్ఱలు, పచ్చజొన్నలు, నాటు కందులు, ఎఱ్ఱ వడ్లు, నల్ల వడ్లు చిన్న చిన్న మూటలుగా కట్టి యుంచిరి. రసాయనపు ఎరువులను, పురుగుమందులను మానివేసి సేద్యము సేయు కర్షకులు డెల్టానుండియు, మెట్టసీమలనుండియు వచ్చి, రెండు దినములు ఒండొరులతో మాటలాడుకొని, నిన్న రాత్రి బస్సులలో తమ యూళ్లకు మఱలిపోయిరి. వారు పోయిన పిమ్మట పఠనమందిర కార్యదర్శిగారు మమ్ము పిలిచి, వారేమి చెప్పుకొనిరో పట్టణవాసులకును తెలియజెప్పుడని కోరిరి. అందుచేత నేడు మీ యెదుట నిలిచితిమి.

మేము నాగలి పట్టినవారము కాము. న్యాయస్థానములలో వాదించుట మా వృత్తి. ఆ రెండు దినములును మాకు అప్పగించిన సేవ వ్రాయసకాని సేవ. ఎవరేమి చెప్పినను వారి మాటలలోనే వ్రాసికొనుట, అర్థము కానిచోట మఱల అడుగుట, వ్రాసినదానిని సాయంకాలము వారికి చదివి వినిపించుట, ఇంతియే మా పని. ఇది చిన్న పని యని మేమనుకొనలేదు. 1917వ సంవత్సరమున చంపారన్ జిల్లాలో నీలిమందు తోటల రైతులు పడుచుండిన బాధలను విచారింపబోయిన గాంధీమహాత్ముడు బీహారు వకీళ్లను కోరినది వాదన కాదు, వ్రాత. రాజేంద్రప్రసాదు, బ్రజకిశోరప్రసాదు మున్నగు పేరుపొందిన న్యాయవాదులు వేలకొలది రైతుల వాఙ్మూలములను తమ చేతులతో వ్రాసికొనిరి. అడ్డుప్రశ్నలకు నిలిచిన మాటనే గ్రహించిరి. వాదించుటకు ముందు వినవలెనను పాఠమును మన వృత్తివారు ఆనాడు రైతులవద్ద నేర్చికొనిరి. ఆ పాఠమును మేము ఈ మందిరమున మఱల చదువుకొంటిమి.

ఆ సమావేశమున ఉపన్యాసవేదిక లేదు. అందఱును వలయముగా కూర్చుండిరి. ఒకరు తాము చేసినది చెప్పుదురు, తక్కినవారు ప్రశ్నింతురు. జీవామృతమును గుఱించి మాట వచ్చినప్పుడు దాని పాళ్లను మేము వ్రాసికొంటిమి. ఎకరమునకు 200 లీటర్ల నీరు, 10 కిలోల ఆవుపేడ, 5 నుండి 10 లీటర్ల గోమూత్రము, 2 కిలోల బెల్లము, 2 కిలోల పప్పుపిండి, గట్టుమీది గుప్పెడు మన్ను కలిపి, నీడను రెండు దినములు మురుగనిచ్చి నేలకు పోయవలెనట. ఇంతవఱకు పుస్తకములలోను దొరకును. పుస్తకములలో దొరకనిది ఆ తరువాత వచ్చినది. పలనాటి మెట్టనుండి వచ్చిన ఒక వృద్ధుడు లేచి, "నీ పొలం ఏ నేల తమ్ముడూ? నల్లరేగడా, ఎఱ్ఱచెలకా? తడి ఉన్నప్పుడు పోశావా, బెట్టలో పోశావా?" అని అడిగెను. ఎండిన నేలపై పోసినది వ్యర్థమైనదని ఒకరు, గడ్డి కప్పిన నేలపై పోసినది పని చేసినదని మఱియొకరు చెప్పిరి. గంటసేపు ఆ చర్చ నడచినది. ఒకరి మాటను ఒకరు కాదన్నప్పుడును అందులో ద్వేషము లేదు, గెలుపు లేదు. న్యాయస్థానములలో అట్టి వాదమును మేమెన్నడును వినియుండలేదు.

అంత మాటలాడుకొనుట యెందులకు, ఎవరి పొలము వారు దున్నుకొనరాదా యని మీకు తోచవచ్చును. దీనికి నల్లగొండ వైపునుండి వచ్చిన రైతు ఎఱ్ఱ గొంగళిపురుగు కథను చెప్పి సమాధానమిచ్చెను. ఆముదము, వేరుసెనగ చేలను తినివేయు ఈ పురుగు వేసవియంతయు నేలలో కోశమై పడియుండును. తొలకరి గట్టిగా కురిసిన రాత్రులలో అది రెక్కలపురుగై వెలికివచ్చి, ఒక్కొక్కటి వందలకొలది గ్రుడ్లు పెట్టును. గొంగళి ఎదిగిన పిమ్మట ఎంత మందు చల్లినను ఫలితము స్వల్పము. కాని రెక్కలపురుగునకు వెలుతురన్న ఆకర్షణ గలదు. ఆ రాత్రులలో పొలములయందు మంటలు వేసినచో అవి వచ్చి పడి చచ్చును. తప్పించుకొన్నవాని సంతతి చేనినుండి చేనికి ప్రాకకుండ చాళ్లు త్రవ్వి, అందు జిల్లేడు మండలు వేసి ఆపవచ్చును. ఖర్చు లేదు, విషము లేదు. అయితే ఒక్కడు మంట వేసి ప్రక్కవాడు నిద్రపోయినచో ఆ శ్రమ యంతయు వృథా. ఊరంతయు ఒకే రాత్రి మేల్కొనవలెను. పురుగునకు పట్టా హద్దులు తెలియవు. కావున మందు కొనువానికి దుకాణము చాలును గాని, మందు మానువానికి పొరుగువాడు కావలయును. సేంద్రియ సేద్యమునకు కూటమి అలంకారము కాదు. నాగలివలె అదియు ఒక పనిముట్టు.

ఈ విద్య నిన్న పుట్టినది కాదు. చెఱువుమట్టి తోలుట, పాటిమన్ను చల్లుట, చేలలో గొఱ్ఱెల మందలు కట్టించుట, జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లి పూతకు వచ్చినప్పుడు కలియదున్నుట, ఇవన్నియు మన తాతలెఱిగినవే. 1889లో ఆంగ్ల ప్రభుత్వము మన వ్యవసాయమును సంస్కరింపుమని వోల్కర్ అను రసాయనశాస్త్రజ్ఞుని పంపినది. దేశమంతయు తిరిగి 1893లో ప్రకటించిన నివేదికలో ఆయన, మేలైన ప్రాంతములలోని భారతీయ రైతు ఆంగ్ల రైతునకు తీసిపోడని, కొన్నిట మిన్నయని వ్రాసెను. 1905లో పూసా పరిశోధనాలయమునకు వచ్చిన ఆల్బర్ట్ హోవర్డు, ఇచ్చటి రైతులను, పంటలపై వాలు పురుగులను తన ఆచార్యులుగా భావించెను. ఆయన 1924లో ఇందూరున స్థాపించిన సంస్థలో చెత్తను, పేడను, మూత్రము పడిన మన్నును పొరలుగా పేర్చి, తడిపి, తిరుగవేసి ఎరువు చేయు విధానమును సిద్ధము చేసెను. 1935లో గాంధీమహాత్ముడు ఇందూరునకు పోయి ఆ పద్ధతిని చూచెను. హోవర్డు 1940లో ప్రకటించిన వ్యవసాయ గ్రంథమునే పాశ్చాత్యదేశముల సేంద్రియోద్యమము తన మూలగ్రంథములలో నొకటిగా ఎంచుచున్నది. మన రైతు పెరటిలోని పేడకుప్ప విలాయతి తిరిగి వచ్చినగాని మనకు విద్యగా కనబడకపోవుట మన దౌర్భాగ్యము.

అయితే ఒక పక్షమునే చెప్పిన వకీలు మీ విశ్వాసమునకు తగడు. ఎదుటిపక్షమునకును బలమైన సాక్ష్యము గలదు. 1943 నాటి వంగదేశపు క్షామమును దేశము మఱువలేదు. 1965, 1966 సంవత్సరములలో వరుసగా వానలు తప్పి, అమెరికా ఓడలు తెచ్చు గోధుమలకై ఎదురుచూడవలసిన దుస్థితి వచ్చినది. ఆ ఆపదలో క్రొత్త వంగడములను, రసాయనపు ఎరువులను కోరి తెచ్చుకొంటిమి. పంట పెరిగినది, ఓడలకై చూచు దైన్యము తొలగినది. ఆ మేలును కాదనుట కృతఘ్నత. కాని ఆ మేలువెంట ఒక కీడు మెల్లగా ఇల్లు చొచ్చినది. ఎరువు పెరటినుండి బస్తాకు మాఱినది, విత్తనము గాదెనుండి పొట్లమునకు మాఱినది, జ్ఞానము పెద్దల నోటినుండి దుకాణమునకు మాఱినది. తెగులునకు మందు చెప్పువాడును, ఆ మందు అమ్మువాడును, అప్పు ఇచ్చువాడును ఒక్కడే యైనాడు. 1997, 1998 సంవత్సరములలో ఓరుగల్లు ప్రాంతపు ప్రత్తిరైతులు పంటపై చల్లవలసిన విషమును తామే త్రాగి మరణించినప్పుడు ఆ మార్పు యెంతదూరము వచ్చెనో దేశమునకు తెలిసినది.

మా వద్దకు వచ్చిన ఒక వ్యాజ్యెమును చెప్పెదము. విత్తనము మొలవక నష్టపోయిన ఒక రైతు న్యాయమునకై వచ్చెను. రసీదు ఏదియని అడిగితిమి. లేదనెను. పొట్లమేదియని అడిగితిమి. పాఱవైచితిననెను. అతనివద్ద లేని కాగితములకు బదులు దుకాణదారునివద్ద అతడు వ్రాసియిచ్చిన ప్రామిసరీ నోటు మాత్రము భద్రముగా నుండెను. ఆ వ్యాజ్యెము నిలువలేదు. పోవునప్పుడతడు, "ప్లీడరుగారూ, మా అమ్మ ఉన్నన్నాళ్లూ మా ఇంట విత్తనం కొన్నది లేదు" అనెను. ఆ మాట మమ్మీ సేవకు త్రిప్పినది. రైతు నోటిలోని జ్ఞానము పోయినపుడు అతని చేతిలోని స్వేచ్ఛయు పోవును. 1947లో దేశమునకు స్వరాజ్యము వచ్చినది. విత్తనపు మూటకు ఇంకను రావలసియున్నది.

ఆ స్వరాజ్యమునకై తెలుగునాట కొన్ని పల్లెలు ముందడుగు వేసినవి. నాటి ఖమ్మము జిల్లా పునుకుల గ్రామము 2003వ సంవత్సరము నాటికి పురుగుమందులను పూర్తిగా విడనాడినది. వేపగింజల కషాయము, పిట్టలు వాలుటకు నాటిన పంగల కఱ్ఱలు, ఎర పంటగా వేసిన ఆముదము, బంతి వారి ఆయుధములు. ఓరుగల్లు ప్రాంతపు ఏనబావి 2006లో తాను రసాయనములు లేని గ్రామమని ప్రకటించుకొన్నది. జహీరాబాదు ప్రాంతమున దళిత స్త్రీల సంఘములు తమ పాతపంటల విత్తనములను బండ్లకెత్తి ఊరూర జాతర నడపుచు వచ్చినవి. వారితో పనిచేయు దక్కను డెవలప్‌మెంటు సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమానము వచ్చినది. ఆంధ్రప్రదేశమున 2016లో ఆరంభమైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమము స్త్రీల పొదుపు సంఘములను ఆధారముగా చేసికొని, సేద్యము చేసి చూపిన రైతునే ఇతర రైతులకు ఉపాధ్యాయునిగా నియమించినది. దానికి 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమానము మఱి యిద్దఱితోపాటు లభించినది. వీనియన్నిటియందును కానవచ్చు సూత్రము ఒక్కటియే: రైతు రైతువలన నేర్చుట.

ఇంతలో మీలో నొకరు సింహళమును జ్ఞప్తికి తెచ్చెదరు. తేవలసినదే. 2021లో అచ్చటి ప్రభుత్వము రసాయనపు ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించినది. రైతులకు శిక్షణ లేదు, చాలినంత ఎరువు లేదు. వరిపంట కుంటుపడినది, తేయాకు దెబ్బతిన్నది, ఆఱు ఏడు మాసములకే ఆ యుత్తరువును వెనుకకు తీసికొనవలసి వచ్చినది. దీనివలన సేంద్రియ సేద్యము అసత్యమని తేలలేదు. ఉత్తరువు జ్ఞానమునకు బదులు కాజాలదని తేలినది. మందులకు అలవడిన నేల మఱల జీవము పోసికొనుటకు కాలము పట్టును. తొలి యేండ్లలో కొన్ని పంటలలో దిగుబడి తఱుగుట కలదు. మొన్నటి సమావేశమున ఈ మాటను దాచిన రైతు ఒక్కడును లేడు. "మొదటి ఏడు మా ఇంటాయన నాతో మాట్లాడలేదు" అని గోదావరి డెల్టానుండి వచ్చిన ఒక అమ్మ చెప్పగా అందఱును నవ్విరి. ఆమె ఎకరమున్నరను మార్చి, తక్కిన భూమిని పూర్వము వలెనే ఉంచి, రెండేండ్లు చూచి, పిదప తక్కినది మార్చినదట. ఆ రెండేండ్లు ఆమెను నిలిపినది ప్రభుత్వపు ఉత్తరువు కాదు, వారమునకొకసారి ఆమె వాకిట కూడు ఎనమండుగురు స్త్రీలు.

న్యాయవాదులముగా మేము రెండు సంగతులను ప్రత్యేకించి మనవి చేయవలెను. మొదటిది, వ్రాతను గుఱించి. వేపనూనెతో శిలీంధ్రములను అరికట్టు పద్ధతిపై 1994లో ఐరోపా పేటెంటు కార్యాలయము అమెరికా వ్యవసాయశాఖకు, ఒక కంపెనీకి హక్కు ఇచ్చినది. అభ్యంతరము తెలుపగా 2000లో అది రద్దయ్యెను; 2005లో అప్పీలును పోయెను. ఆ విద్య భారతదేశమున అంతకుముందే బహిరంగముగా వాడుకలో నుండెనను సాక్ష్యము ఆ వ్యవహారమున పనికివచ్చినది. గాయములకు పసుపును వాడుటపై 1995లో అమెరికాలో ఇచ్చిన హక్కును 1997లో రద్దు చేయించుటకు మన పాత గ్రంథములే తోడ్పడినవి. వ్రాసిపెట్టని జ్ఞానమును ఇతరులు తమదనుట సులభము. రెండవది, విత్తనమును గుఱించి. 2001 నాటి మొక్కల వంగడముల రక్షణ, రైతుల హక్కుల చట్టపు 39వ సెక్షను, రైతు తన పంటనుండి విత్తనము దాచుకొనుటకు, విత్తుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు, అమ్ముకొనుటకు హక్కు ఇచ్చుచున్నది; చట్టరక్షణ పొందిన వంగడమును పేరు ముద్రించిన విత్తనముగా మాత్రము అమ్మరాదు. మొన్న ఈ సెక్షనును చదివి వినిపింపగా విత్తనములు మార్చుకొనుట నేరమేమోయని భయపడుచుండినవారు పలువురు ఊపిరి పీల్చుకొనిరి. ఉన్న హక్కును ఎఱుగకపోవుట లేని హక్కుతో సమానము.

ఇక నొక కఠినమైన ప్రశ్న. నిన్న మధ్యాహ్నము ఒక కౌలురైతు లేచి, "నేల బాగుపడడానికి మూడేళ్లంటున్నారు. నా కౌలు పదకొండు నెలలు. బాగుపడిన నేలను ఎవరికి వదిలి వెళ్లమంటారు?" అని అడిగెను. సభ నిశ్శబ్దమైనది. 2019లో ఆంధ్రప్రదేశమున చేసిన సాగుదారుల హక్కుల చట్టమును పదునొకండు మాసముల ఒప్పందమునకే రూపమిచ్చినది. దానికిని భూస్వామి సంతకము కావలెను. ఆ ప్రశ్నకు మావద్ద సమాధానము లేకుండెను. భూమికి సేవ చేయువానికి భూమిపై నిలుకడ లేనంతకాలము సేంద్రియోద్యమము పట్టాదారుల ఉద్యమముగానే మిగులును. ఈ పట్టణమున వసించుచు పల్లెలో భూములను కౌలుకిచ్చిన పెద్దలు ఈ సభలో పలువురు కలరు. మూడేండ్లకు తగ్గని కౌలును కాగితముమీద వ్రాసి యిచ్చుడని మిమ్ము కోరుచున్నాము. ఆ కాగితములను ఒక్క పైసా పుచ్చుకొనక వ్రాసిపెట్టుటకు మేము సిద్ధముగా నున్నాము.

కూటములకును ప్రమాదములు కలవు. విత్తనముల సభ మెల్లగా వర్తకుల సంత కావచ్చును. రైతులు ఒండొరులను ప్రశ్నించుట మాని ఒక గురువును పూజించు భజనమండలి కావచ్చును. లెక్కలు నింపుటకు కూర్చిన సర్కారు సభ కావచ్చును. స్త్రీలు విత్తనము దాచి, పురుషులు వేదికనెక్కు పాత ఆచారము మఱల తలయెత్తవచ్చును. వీనికి మందు ప్రశ్నించు స్వాతంత్ర్యమే. దేశమున 2011నుండి నడచుచున్న భాగస్వామ్య ధ్రువీకరణ పద్ధతి ఆ స్వాతంత్ర్యమును నమ్మియే యేర్పడినది. కనీసము ఐదుగురు రైతులు జట్టుగా చేరి, ప్రతిజ్ఞ చేసి, ఒకరి పొలమునొకరు పరీక్షించి, ఒకరికొకరు జామీను నిలుతురు. ఒకడు రహస్యముగా మందు కొట్టినచో జట్టు అందఱికిని అపకీర్తి. పరస్పర విశ్వాసము, పరస్పర నిఘా, రెండును కలిసినచోటనే సంఘము పుట్టును.

పట్టణవాసులారా, మీ కర్తవ్యమును మూడు మాటలలో మనవి చేసెదము. 1914లో బెజవాడలో తొలి ఆంధ్ర గ్రంథభాండాగార సభ కూడిన నాటినుండి మన పఠనమందిరములు అక్షరమును పల్లెలకు మోసినవి. ఇప్పుడు పల్లెల విద్యను అక్షరములోనికి మోయవలసిన వంతు వచ్చినది. కావున ఈ మందిరమున నెలకొక సాయంకాలము రైతులకు వదలి, వారు చెప్పినది తేదీతోను, ఊరిపేరుతోను వ్రాసియుంచు పుస్తకమొకటి తెఱవవలెను. రెండవది, పదిమంది గృహస్థులు చేరి ఒక రైతుజట్టుతో ఏడాదికి సరిపడు ధాన్యమునకు, పప్పులకు ముందుగనే మాట యిచ్చి, కొంత సొమ్మును ముందు చెల్లింపవలెను; తొలి యేండ్ల నష్టములో మీకును భాగము రావలెను. మూడవది, మీ వంటింటి తడిచెత్తను వేఱుచేసి ఎరువుగా మార్పవలెను. పొలమునుండి పట్టణమునకు వచ్చిన సారము మురుగుకాలువ పాలగుట దొంగతనముకంటె తక్కువది కాదు.

నిన్న రాత్రి బస్సు కదలబోవుచుండగా జహీరాబాదు ప్రాంతపు వృద్ధురాలొకతె మా చేతిలో సామల మూట నుంచినది. వెల యెంతయని అడిగితిమి. "వెల లేదు నాయనా. పండించి, వచ్చే ఏడు రెండింతలు తెచ్చియ్యి. నాకు కాదు, అడిగినోళ్లకు" అనినది. తమ సంఘపు విత్తననిధిలో అప్పునకు అదియే వడ్డీయట. ప్రామిసరీ నోటు లేదు, సాక్షుల సంతకములు లేవు. మా వృత్తిజీవితమున ఇంతకంటె కట్టుదిట్టమైన ఒప్పందమును మేము చూడలేదు.

ఆ మూట ఈ బల్లమీదనే యున్నది. గుప్పెడు నేల గలవారు ముందునకు వచ్చి అందుకొనుడు. మీ పేరును ఆ పుస్తకపు మొదటి పుటలో వ్రాసికొనెదము.